మామయ్య కాదన్న ఉద్యోగాలు

మా మామయ్య అట్టపెట్టెల ఫ్యాక్టరీలో డిస్పాచ్ గుమాస్తా. తయారైన పెట్టెలు లారీ ఎక్కుతుంటే పక్కన నిలబడి కట్టలు సరిచూసి, గేట్ పాస్ మీద సంతకం పెట్టడం ఆయన పని. పెళ్లికి ముందు చేరాడు, కణతల దగ్గర జుట్టు నెరిసేదాకా అక్కడే ఉన్నాడు. ఆ ఉద్యోగం మానేద్దామని ఏనాడూ అనుకోలేదు. అయినా ఏటా నాలుగైదు చోట్లకి ఇంటర్వ్యూకి వెళ్లేవాడు.

ఊరికే వెళ్లి రావడం కాదు, చాలా చోట్ల ఎంపికయ్యేవాడు. ఎంపికయ్యాక చేరేవాడు కాదు. కొందరికి పేకాట, కొందరికి గాలం వేసి చెరువు గట్టున కూర్చోవడం, మా మామయ్యకి ఇంటర్వ్యూలు. ఇంట్లో మేమంతా ఆయన్ని అభ్యర్థిగారు అని పిలిచేవాళ్లం. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు సరికదా, ఆ పిలుపుకి వెంటనే పలికేవాడు కూడా.

ఆ రోజుల కోసం ఒక తెల్లచొక్కా విడిగా ఉండేది. అత్తయ్య దాన్ని ఇస్త్రీ చేసి తలుపు వెనక కొక్కేనికి తగిలించిందంటే మర్నాడు మామయ్యకి పంటినొప్పి వస్తోందని అర్థం. ఫ్యాక్టరీలో సెలవు చీటీ మీద ఎప్పుడూ అదే కారణం రాసేవాడు. నేను పళ్ల ఆసుపత్రిలో రిసెప్షన్ చూసుకుంటాను కాబట్టి చెబుతున్నాను, ఆయన పెట్టిన సెలవులకి సరిపడా పళ్లు ఏ మనిషి నోట్లోనూ ఉండవు.

బిస్కెట్ల కంపెనీలో స్టోర్‌కీపర్, బడి బస్సుల మీద పర్యవేక్షణ, ప్రింటింగ్ ప్రెస్‌లో సరుకు చూసుకోవడం, ఇలా దేనికి పడితే దానికి వెళ్లేవాడు. ఒకసారి ఈతకొలను నిర్వాహకుడి ఉద్యోగానికి వెళ్లాడు. ఆయనకి ఈత రాదు. వాళ్లు ఆ సంగతి అడగలేదట, ఈయనా చెప్పలేదట. అదీ వచ్చింది. అదీ వద్దన్నాడు.

వద్దనడానికి ఆయన దగ్గర ఒక మెసేజ్ తయారుగా ఉండేది. మొదట్లో ఉత్తరంగా రాసేవాడు, ఫోన్లు వచ్చాక అందులో దాచుకున్నాడు. "మీరు నాపై ఉంచిన నమ్మకానికి కృతజ్ఞతలు. ప్రస్తుత బాధ్యతల దృష్ట్యా ఈ అవకాశాన్ని స్వీకరించలేకపోతున్నాను. మీ సంస్థ దినదినాభివృద్ధి చెందాలని ఆశిస్తున్నాను." అంతే. ఎంపికయ్యారన్న కబురు రాగానే గంట తిరక్కుండా పంపేసేవాడు. అవతలివాళ్లని ఎదురుచూసేలా చేయడం పెద్దమనిషి లక్షణం కాదని ఆయన సిద్ధాంతం.

ఇదంతా ఎందుకు చేస్తాడన్న దాని మీద ఇంట్లో తలా ఒక మాట అనేవాళ్లం. గొప్ప కోసమని మా అమ్మ అనేది. తమ్ముణ్ని వెనకేసుకొస్తూనే అనేది. టీ, బిస్కెట్ల కోసమని అత్తయ్య అనేది. ఉత్త పొగరని నేను అనేదాన్ని. ఒకరు రమ్మని పిలిస్తే రానని చెప్పడంలో ఒక సుఖం ఉంటుంది, మా మామయ్యకి బతుకులో ఇంకెక్కడా దొరకని సుఖం అదొక్కటే అని నా లెక్క. ఇంటర్వ్యూ నుంచి తిరిగొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే, చొక్కాకి మరకేం పడలేదు కదా అని అత్తయ్య అడిగేది. పడలేదనేవాడు. మా ఇళ్లలో ఆ విషయం మీద జరిగే చర్చ అంతవరకే.

నా మొదటి ఇంటర్వ్యూకి ముందు నాకు ఆయనే తర్ఫీదు ఇచ్చాడు. భోజనాల బల్లకి అవతల కూర్చుని, గొంతు మార్చి, నన్ను మీరు మీరు అంటూ ప్రశ్నలు వేశాడు. నేను నవ్వితే కోప్పడ్డాడు. నేర్పిన పాఠమంతా ఒక్క ముక్క. "అక్కర ఉన్నట్టు కనపడకూడదమ్మాయ్. నీకు పని కావాలని వాళ్లకి తెలిసిందా, ఇక నిన్ను చూడరు, నీ అక్కర్నే చూస్తారు." నాకేమో అక్కర నిలువెల్లా ఉంది, ఎక్కడ దాచను? ఆ ఉద్యోగం రాలేదు. నువ్వు బిగుసుకుని కూర్చున్నావు, కుర్చీ అంచున కూర్చోవాల్సింది కాదు అని తర్వాత విశ్లేషించాడు. నాకు ఒళ్లు మండి వారం రోజులు వాళ్లింటికి వెళ్లలేదు.

అలాంటి మనిషి పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. యజమాని స్థలం అమ్ముకున్నాడు. యంత్రాలు ముక్కలుముక్కలుగా విప్పి లారీల్లో పంపించారు, ఆ లారీలకి గేట్ పాస్‌లు రాసింది కూడా మా మామయ్యే. ఆఖరి పాస్ రాశాక గేటు దగ్గర ఆయనా, వాచ్‌మనూ మిగిలారు. కాసేపటికి వాచ్‌మన్ కూడా వెళ్లిపోయాడు.

నిజం చెప్పాలంటే మేమెవరం పెద్దగా కంగారుపడలేదు. ఇంటర్వ్యూలు ఆయనకి వెన్నతో పెట్టిన విద్య, నల్లేరు మీద బండి నడకలా సాగిపోతుందనుకున్నాం. కూతురి కాలేజీ చదువు ఇంకా సగంలో ఉన్నా, అత్తయ్య బడిపిల్లల యూనిఫారాలు కుడుతూ ధీమాగానే ఉంది. నెల తిరిగేలోపు ఏదో ఒకటి ఒప్పుకుంటారులే అంది. ఒప్పుకుంటారు అంది చూడండి, అదీ ఆవిడ నమ్మకం.

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఇన్నాళ్లూ మా మామయ్య ఆ ఆటలో పిల్లి. ఇప్పుడు ఎలుక అయ్యాడు, ఆట మాత్రం అదే.

మొదటి చోట, పాత ఉద్యోగం ఎందుకు మానేశారని అడిగారట. పూర్వం ఆ ప్రశ్నకి చిరునవ్వు నవ్వి, మానలేదండీ, మీ దగ్గర ఎలా ఉంటుందో చూద్దామని వచ్చాను అనేవాడు. ఈసారి ఫ్యాక్టరీ ఎలా మూతపడిందో మొదలుపెట్టి, యజమాని అన్నదమ్ముల గొడవల దాకా వెళ్లి, వాళ్లు అడక్కముందే జీతం తక్కువైనా ఫరవాలేదన్నాడు. రెండో చోట మాటకి ముందొక సార్, వెనకొక సార్ తగిలించాడు. అవతల కూర్చున్నది ఆడమనిషి. మూడో చోట తన ముందు పెట్టిన మంచినీళ్లు తాగేసి, ప్రశ్నలు అడిగేవాళ్ల గ్లాసు కూడా తాగేశాడు.

తర్వాత మెసేజ్‌లు రావడం మొదలైంది. మీ అనుభవం మమ్మల్ని ఎంతగానో ఆకట్టుకుంది, అయితే. మీ వివరాలు మా దగ్గర భద్రపరుస్తాం, అవకాశం ఉన్నప్పుడు తెలియజేస్తాం. మామయ్య వాటిని పైకి చదివి, ఇది బాగా రాశారు, ఇది బాగా రాయలేదు అని తూకం వేసేవాడు. ఆయన్ని నిజంగా కుంగదీసినవి ఆ మెసేజ్‌లు కావు, అసలు ఏ కబురూ పంపనివాళ్లు. రోజంతా ఫోన్ అరచేతిలో పెట్టుకుని, నేనైతే గంటలో చెప్పేసేవాణ్ని అని గోడతో అనేవాడు.

ఇంట్లోనే డిస్పాచ్ సెక్షన్ తెరిచాడు. అటకమీది డబ్బాలు దించి, తుడిచి, మళ్లీ ఎక్కించాడు. అత్తయ్య కుట్టిన యూనిఫారాలు పట్టుకెళ్లడానికి ఎవరైనా వస్తే గుమ్మానికి అడ్డంగా నిలబడి ఒక్కొక్కటీ విప్పి చూసేవాడు. ఆయన్ని ఎవరో ఒకరు పనిలో పెట్టుకోకపోతే నేను వెళ్లి ఎక్కడో చేరతాను అని అత్తయ్య నా దగ్గర మొత్తుకుంది. తర్వాత కొన్నాళ్లకి ఆయన డబ్బాలు దించడం మానేశాడు, గడ్డం గీసుకోవడం మానేశాడు. అప్పుడు అత్తయ్య మొత్తుకోవడం కూడా మానేసింది. నాకు ఆయన్ని చూస్తే జాలేసేది. నాకు పాఠం చెప్పిన మనిషి అలా కూర్చుంటే కోపమూ వచ్చేది.

ఆ సమయంలో ఊరి చివర మందులు సరఫరా చేసే కంపెనీవాళ్లు డిస్పాచ్‌కి మనిషి కావాలని ప్రకటన వేశారు. అచ్చం ఆయన పనే. వయసు మాత్రం ఇంతకు మించకూడదని రాశారు. ఆయన ఇంకా ఆ గీత దాటలేదు, గీత మీద నిలబడి ఉన్నాడు. అప్పటికే చాలా ప్రకటనల్లో ఆ గీత ఇంకా కిందికే ఉండేది. ఇది తప్పితే ఇక తనని పిలిచేవాళ్లెవరూ ఉండరని ఆయనకి తెలుసు. అత్తయ్యకీ తెలుసు. అందుకే ఇద్దరూ ఆ ఊసెత్తకుండా తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకున్నారు.

ఇంటర్వ్యూ రోజు ఆయనకి జ్వరం వచ్చింది. అదే కలిసొచ్చింది. భయపడటానికి కూడా ఓపిక లేక, అడిగినదానికి ఒక్కొక్క ముక్కలో జవాబు చెప్పి వచ్చాడట. బాగా నిబ్బరమైన మనిషి అనుకుని ఉంటారు.

రెండ్రోజులకి నేను వాళ్లింట్లో ఉండగానే ఫోన్‌లో మెసేజ్ చప్పుడైంది. మామయ్య చూసుకున్నాడు, లేచి నిలబడ్డాడు, బొటనవేలితో ఏదో నొక్కాడు, ఫోన్ జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత మొహం వెలిగిపోయింది.

"వచ్చింది," అన్నాడు.

అత్తయ్య కుట్టుమిషను ఆపింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, మిషను మీద నూనె మరక తుడుస్తున్నట్టు తల వంచుకుంది. ఎప్పట్నుంచి రమ్మన్నారని అడిగింది. సోమవారం అన్నాడు. వస్తానని చెప్పారా అని అడిగింది. అప్పుడే చెప్పేశానన్నాడు. అంత తొందరగా ఏం చెప్పారని నేను అడిగాను. అప్పుడు జేబులోంచి ఫోన్ తీసి చూసుకున్నాడు. ఆ మొహంలో రంగు నేను చూస్తుండగానే దిగిపోయింది.

ఎంపికయ్యారు అన్న మాట కంటపడగానే ఆయన వేలు ఇన్నేళ్లుగా చేస్తున్న పనే చేసింది. ఉంచిన నమ్మకానికి కృతజ్ఞతలు, ప్రస్తుత బాధ్యతల దృష్ట్యా స్వీకరించలేకపోతున్నాను, దినదినాభివృద్ధి. మొత్తం వెళ్లిపోయింది. అవతలివాళ్లు చదివేశారు కూడా. మేం ముగ్గురం ఆ తెర మీదికి వంగి చూస్తుండగానే జవాబు వచ్చింది. "తెలియజేసినందుకు ధన్యవాదాలు. మీకు శుభం కలగాలి."

అలవాటులో పొరపాటు అని చాలా సార్లు విన్నాను గానీ, ఇంత నిండైనది ఎప్పుడూ చూడలేదు. పొరపాటున పంపానని వెంటనే ఇంకో మెసేజ్ పెట్టమన్నాను. పెట్టాడు. దాన్ని ఎవరూ చదవలేదు. ఫోన్ చేస్తే ఆఫీసు వేళలు అయిపోయాయని చెప్పే గొంతు వినపడింది. ఆ గొంతుకి కూడా మామయ్య సరేనండీ అన్నాడు.

అత్తయ్య మిషన్లోంచి యూనిఫారం తీసి మడతపెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. చాలాసేపయ్యాక, పొద్దున్నే వెళ్లి నోటితో అడగాలి అంది. అడగడం నాకు రాదు అన్నాడు మామయ్య. నేను వింటున్నానని కూడా చూసుకోకుండా అన్నాడు. వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే ఫ్యాక్టరీలో చేరాడు, ఆ తర్వాత అంతా వద్దని చెప్పడమే. పని కావాలని ఇప్పటిదాకా ఒక మనిషి మొహం చూసి అడిగి ఎరగడు.

మర్నాడు ముగ్గురం బయల్దేరాం. అత్తయ్య వస్తుందని నేను అనుకోలేదు. "ఈయన్ని ఒంటరిగా పంపితే మళ్లీ వద్దని చెప్పి వస్తారే," అని నాతో అని చెప్పులు వేసుకుంది. నేను మా డాక్టరుగారికి ఒంట్లో బాగోలేదని మెసేజ్ పెట్టాను. పంటినొప్పి అని పెడితే ఆయన చూస్తానంటాడు.

మందుల కంపెనీలో ముందుగదిలో వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, ఒక నీళ్ల డబ్బా, దాని పక్కన గ్లాసులు లేని స్టాండు. ఉద్యోగుల వ్యవహారాలు చూసే మేడమ్ పనిలో ఉన్నారని, కూర్చోమని చెప్పారు. కూర్చున్నాం. మధ్యాహ్నం దాటింది. మామయ్య రెండుసార్లు లేచాడు, పోదాం పదండి అన్నాడు. రెండుసార్లూ అత్తయ్య ఆయన చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది. చివరికి ఆ మేడమ్ టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని ఎటో వెళ్తూ మమ్మల్ని చూసి ఆగింది. కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని ఉంది, నా కంటే ఓ పదేళ్లు పెద్దదేమో. లోపలికి రమ్మంది. ముగ్గురం వెళ్లాం, ఉన్నవి రెండు కుర్చీలు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

మామయ్య చేతులు రెండూ బల్ల మీద పెట్టాడు. నన్ను కూర్చోవద్దన్న కుర్చీ అంచునే తను కూర్చున్నాడు.

"నిన్న మీకు పంపిన మెసేజ్ అలవాటుగా వెళ్లిపోయిందండీ. నాకీ పని కావాలి."

మేడమ్ కళ్లజోడు కిందికి దించుకుంది. ఉద్యోగం వద్దనడం అలవాటేమిటని అడిగింది. కోపంగా కాదు, అర్థంకాక అడిగింది. మామయ్య దాచకుండా చెప్పేశాడు. బిస్కెట్ల కంపెనీ, బడి బస్సులు, ఈతకొలను, పంటినొప్పి, అన్నీ. అత్తయ్య నావైపు చూసింది, ఇక అయిపోయినట్టే అన్నట్టు. నేనూ అలాగే అనుకున్నాను. నా ముందు ఒక మనిషి ఇలాంటి మాటలు చెబితే నేనైతే గేటు దాకా సాగనంపేదాన్ని.

"చేరే ఉద్దేశం లేనప్పుడు ఎందుకు వెళ్లేవారు?" అంది మేడమ్. "మా టైమూ పాడు, మీ టైమూ పాడు."

మామయ్య జవాబు వెతుక్కోలేదు. ఎప్పట్నుంచో తెలిసిన సంగతిలా చెప్పాడు.

"అక్కడ నా గురించి అడిగేవాళ్లండీ. ఫ్యాక్టరీలో లారీ వచ్చిందా అని అడుగుతారు. ఇంట్లో గ్యాస్ చెప్పారా అని అడుగుతారు. తప్పని కాదు, అడగాల్సిందే. అక్కడ మాత్రం ఓ అరగంట కుర్చీ వేసి కూర్చోబెట్టి, మీరేం చేస్తారు, మీకేం ఇష్టం, మీరైతే ఏమంటారు అని అడిగేవాళ్లు. చెబుతుంటే రాసుకునేవాళ్లు కూడా. ఏడాదికి నాలుగుసార్లు అలా ఉంటే నాకు సరిపోయేది."

ఇన్నేళ్లూ దాన్ని పొగరు అన్నది నేను. నాకు మొహం చెల్లలేదు. అత్తయ్య నేల మీది పలకల మధ్య గీతల్ని చూస్తూ కూర్చుంది, తల ఎత్తలేదు.

మేడమ్ టిఫిన్ డబ్బా పక్కకి జరిపి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ ఉద్యోగం నిన్న సాయంత్రమే తర్వాతి మనిషికి ఇచ్చేశారు. అతను ఒప్పుకున్నాడు, అతని దగ్గర్నుంచి లాక్కోవడం కుదరదు. ఇంకొకటి ఉంది, కానీ అది గుమాస్తా పని కాదు. గడువు తీరి దుకాణాల నుంచి వెనక్కొచ్చిన మందులు వేరుచేసే షెడ్డు. మాస్కు కట్టుకుని నిలబడి చేయాలి, కుర్రాళ్లెవరూ ఉండటం లేదు, జీతం డిస్పాచ్ కంటే తక్కువ. "మీ అనుభవానికి ఇది చిన్నది. ఇంటికెళ్లి ఆలోచించుకుని..."

"వస్తానండీ," అన్నాడు మామయ్య.

ఆవిడ వాక్యం ఇంకా పూర్తి కాలేదు. ఆయన ఒక ఉద్యోగానికి సరేననడం నేను చూడటం అదే మొదలు, అంత తొందరపడి ఎవరైనా దేనికైనా ఒప్పుకోవడం కూడా అదే మొదలు. మేడమ్ నవ్వు ఆపుకుంటూ, ఈసారి కాగితం మీద సంతకం పెట్టించుకుంటాను, మెసేజ్‌లు వద్దు అంది.

తిరుగు బస్సులో వాళ్లిద్దరూ ముందు సీట్లో కూర్చున్నారు, నేను వెనక. అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, ఇంటర్వ్యూల్లో మొట్టమొదట ఏమడుగుతారండీ అంది.

"మీ గురించి చెప్పండి అంటారు."

అత్తయ్య ఇటు తిరిగింది. "అయితే చెప్పండి."

మామయ్య ఇబ్బందిగా నవ్వాడు. నీకు తెలియంది ఏముందన్నాడు. తెలిసినవి వదిలేసి చెప్పమంది. బస్సు ఒకచోట ఆగి, ఎక్కేవాళ్లు ఎక్కి, మళ్లీ కదిలేదాకా ఆయన ఆలోచించాడు. తర్వాత, ముందు సీటు కడ్డీని చూస్తూ, తాను గేట్ పాస్ రాసిన ఊళ్లలో ఒక్కటి కూడా కళ్లతో చూడలేదని చెప్పాడు. ఒకసారి ఒక డ్రైవరు నవ్వులాటకి ఎక్కమంటే, ఎక్కి పక్కసీట్లో కూర్చున్నాడట. సముద్రం ఉన్న ఊరికి పోతోందట ఆ లారీ. గేటు దాకా వెళ్లి దిగిపోయాడట.

"ఎందుకు దిగారు?"

"ఆ సాయంత్రం నువ్వు పెందలాడే రమ్మన్నావు."

"ఎందుకు రమ్మన్నాను?"

"గుర్తులేదు," అన్నాడు మామయ్య. "వచ్చాను మాత్రం."

అత్తయ్య, సముద్రం ఎంత దూరమని అడిగింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఏ దారిన వెళ్లాలి, ఎక్కడ వంతెన వస్తుంది, డ్రైవర్లు ఎక్కడ ఆగి మొహం కడుక్కుంటారు, చూడని దారంతా చెబుతున్నాడు. ఆవిడ వింటోంది. మా స్టాప్ వచ్చింది, బస్సు ఆగింది, మళ్లీ కదిలింది. నేను చూశాను గానీ వాళ్లకి చెప్పలేదు.